పాత చింతకాయ తొక్కు, కొత్త సీసా

ఎవరైనా చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెబుతుంటే "ఆ, పాత చింతకాయ పచ్చడే గదా!" అని పెదవి విరుస్తాం. ఈ మాట మొదట పుట్టించినదెవరో గానీ, వంటింటి మొహం చూసినవారు మాత్రం అయి ఉండరు. చింతకాయ తొక్కు పాతబడితేనే దానికి విలువ. జ్వరం పడి లేచినవాళ్ళకి నోటికి చవి పుట్టించడానికి వెతికేది పాత తొక్కు కోసమే. ఏడాది దాటి నల్లబడ్డ తొక్కున్న జాడీకి ఇంట్లో ఉండే మర్యాద నిన్న పెట్టిన జాడీకి ఉండదు. కోస్తావాళ్ళు పచ్చడి అంటారు. మా నల్లగొండ, పాలమూరు వైపు తొక్కు అంటాం. రోకలి కింద అంతగా నలిగినదాన్ని తొక్కు అనక ఇంకేమంటారు చెప్పండి!

ఇంత గొప్పగా చెబుతున్నాను గానీ, ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. ఈ ఏడాది మా ఇంట్లో జాడీలో ఉన్న తొక్కు నేను దంచింది కాదు. కొన్నది.

కొనడం తప్పని కాదు. తప్పు తర్వాత జరిగింది. సంక్రాంతి వెళ్ళాక మా చిన్నమ్మమ్మ వచ్చింది. తొంభైకి దగ్గర పడిన మనిషి. చూపు మందగించింది గానీ నాలుక మాత్రం నిక్కచ్చి. అన్నంలో తొక్కు కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు ఆగి అడిగింది.

"బిడ్డా, ఈ తొక్కు నువ్వే దంచినవా?"

"అవునమ్మమ్మా" అనేశాను.

ఎందుకన్నానో నాకే తెలీదు. డిగ్రీ చదివి, నాలుగు నవలలు రాసి, సభల్లో స్త్రీల శ్రమ గురించి మాట్లాడి వచ్చే దాన్ని. పిడికెడు తొక్కు దగ్గర అబద్ధమాడాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. ఇంకో ముద్ద కలుపుకుంది.

ఆ వారంలోనే మా అక్క కూతురు జర్మనీ నుంచి వచ్చింది. పెట్టెలోంచి చాక్లెట్లతో పాటు ఒక గాజు సీసా తీసింది. లోపల తెల్లగా, సన్నగా తరిగిన ఆకులాంటిది నీళ్ళలో నానుతోంది. "సావర్‌క్రౌట్ చిన్నమ్మా, పులిసిన క్యాబేజీ" అంది. "ఎవరు చేశారే?" అన్నాను అలవాటుగా. "ఎవరు చేస్తారు? కొన్నదే. అక్కడ చాలామంది కొనుక్కొచ్చి ఇంట్లో వండుకుంటారు" అంది. ఆ పిల్ల మొహంలో సిగ్గన్నది లేదు. అప్పుడనిపించింది, కొన్నదాన్ని కొన్నానని చెప్పడానికి వాళ్ళకి లేని సిగ్గు మనకెందుకూ అని. ఆ ప్రశ్న పట్టుకుని కొంచెం వెనక్కి, చరిత్రలోకి వెళ్ళాను.

ముందు ఆ సీసా సంగతి. 'సావర్' అంటే పులుపు, 'క్రౌట్' అంటే ఆకుకూర. మన పుంటికూర పేరుని జర్మన్లోకి మారిస్తే ఇంచుమించు ఇదే అవుతుందేమో! చేసే పద్ధతి తేలికే. క్యాబేజీని సన్నగా తరిగి, వంద కిలోలకి రెండు, రెండున్నర కిలోల ఉప్పు వేసి పిసికితే దాని నీరే పైకి తేలుతుంది. ఆ నీళ్ళలో మునిగేలా పైన బరువు పెట్టి, చల్లటి చోట నాలుగైదు వారాలు ఉంచుతారు. వెనిగర్ వెయ్యరు, నిమ్మకాయ పిండరు. పులుపు దానంతట అదే పుడుతుంది. చలికాలంలో మంచు కింద నేల గడ్డకట్టే దేశాల్లో వసంతం దాకా ఆకుకూర దక్కే దారి అదే. వండేటప్పుడు కడిగి పిండి, ఉల్లిపాయతో కొవ్వులో వేయించి, కారవే అనే గింజలు వేసి, సన్నటి సెగ మీద మగ్గబెడతారు. ఆ గింజలు మన షాజీరాకి దగ్గర చుట్టాలు.

మా ఇంట్లో ఆ గింజలు లేవు. మేం చేసిందేమిటంటే, సీసాలోది రెండుసార్లు నీళ్ళలో జాడించి గట్టిగా పిండాం. బాణలిలో నూనె పోసి శనగపప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, కరివేపాకు పోపు పెట్టి, చిటికెడు పసుపుతో పది నిమిషాలు మగ్గబెట్టాం. ఉప్పు వెయ్యలేదు, అందులోనే ఉంది. పిండిన పుల్లనీళ్ళని పారబొయ్యకుండా కందిపప్పులో పోశాం. జొన్నరొట్టెతో తింటే ఎవరూ వద్దనలేదు. అంటే, ఎవరి కొట్టులోంచి వచ్చినా సరే, పోపు పడ్డాక అది మా ఇంటి కూరే అయిపోయింది.

ఈ పుల్లకూరకి పెద్ద చరిత్రే ఉంది. 1768లో ఇంగ్లండు నుంచి కెప్టెన్ జేమ్స్ కుక్ 'ఎండీవర్' అనే ఓడలో బయల్దేరాడు. ఆ ఓడలో 7,860 పౌన్ల సావర్‌క్రౌట్ ఎక్కించారు. మన లెక్కలో మూడున్నర టన్నులు. నెలల తరబడి సముద్రం మీద ఎండిన రొట్టె, ఉప్పు మాంసం తిని నావికులు స్కర్వీ జబ్బుతో చచ్చిపోయే రోజులవి. చిగుళ్ళు వాచి నెత్తురు కారేది, పాత గాయాలు మళ్ళీ రేగేవి. పుల్లకూర తింటే అది రాదని ఒక నమ్మకం. కానీ నావికులు దాన్ని ముట్టుకోమన్నారు. కుక్ దొర బలవంతం చెయ్యలేదు. రోజూ ఆఫీసర్ల బల్ల మీద వడ్డించి, మామూలు నావికులకి "ఇష్టమైతే తినండి, లేకపోతే మానండి" అన్నట్టు వదిలేశాడు. పెద్దవాళ్ళు అంత ఇష్టంగా తింటున్నారంటే అదేదో గొప్పదే అయి ఉంటుందనుకున్నారు వాళ్ళు. వారం తిరక్కుండా మనిషికింత అని కొలత పెట్టి పంచాల్సి వచ్చిందట! 1769 ఏప్రిల్లో ఆయనే తన దినచర్యలో ఈ సంగతి రాసుకున్నాడు. పిల్లలకి కాకరకాయ కూర తినిపించే తల్లికి ఈ కిటుకు కుక్ దొర నేర్పనక్కర్లేదనుకోండి.

కుక్‌కి విటమిన్ సి అన్న పేరు తెలీదు. ఆ పేరు తేలడానికి ఇంకా ఒకటిన్నర శతాబ్దం పైన పట్టింది. హంగెరీ దేశపు శాస్త్రజ్ఞుడు సెంట్ గ్యోర్గి ఆ పదార్థాన్ని పెద్ద మొత్తంలో దేంట్లోంచి తీశాడో తెలుసా? వాళ్ళ ఊరి మిరపకాయల్లోంచి! 1937లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఎర్రటి పండుమిరపకాయల తొక్కు నూరుకునే మనకి ఈ సంగతి వింటే కాస్త గర్వంగానే ఉంటుంది.

సావర్‌క్రౌట్ పేరుకి కూడా ఒక కష్టం వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా జర్మనీ మీద యుద్ధానికి దిగాక, 1918లో అక్కడివాళ్ళు దాన్ని జర్మన్ పేరుతో పిలవడానికి ఇష్టపడక 'స్వేచ్ఛా క్యాబేజీ' అని కొత్త పేరు తగిలించారు. కూర అదే, పులుపు అదే. తినేవాళ్ళకి పేరు నచ్చలేదంతే. తొక్కు అంటే మొరటని, పచ్చడి అంటే నాగరికమని ఒకప్పుడు మన దగ్గర అనుకున్నవాళ్ళని ఈ కథ గుర్తుచేసింది నాకు.

మరి అంత మంచిదైతే మన పెద్దలు క్యాబేజీని అలా ఎందుకు ఊరబెట్టలేదు? మొదటి కారణం, అది మన పంట కాదు. యూరప్ వాళ్ళతో వచ్చిన చలి పంట. మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ పత్తగోబి అనే అంటారు. రెండోది, ఎండ. సావర్‌క్రౌట్ నెమ్మదిగా పులియాలి. ఉప్పు అంత తక్కువ వేసి, పాలమూరు ఎండల్లో నెల రోజులు ఉంచితే చూడబుద్ధి కాని సరుకవుతుంది. అయితే ఆ పులిసే విద్య మనకి తెలియందేం కాదు. పాలు పులియడం వెనక కంటికి కనపడని జీవులున్నాయని 1857లో పాశ్చర్ చూపించాడు. క్యాబేజీలో మొదట పని మొదలుపెట్టే సూక్ష్మజీవి పేరు లూకోనోస్టాక్. రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి తెల్లవారేసరికి పొంగడానికి కారణం కూడా ముఖ్యంగా అదే! జర్మనీ పీపాలోనూ, మన ఇడ్లీ గిన్నెలోనూ కూలి చేస్తున్నది ఒకటే జీవి అన్నమాట. ఆ సంగతి చెబితే మా పిల్ల సీసాని ఇంకాస్త ఆప్యాయంగా చూసింది.

చింతకాయ తొక్కు దారి వేరు. అందులో పులుపు పులిస్తే వచ్చింది కాదు, చెట్టు ఇచ్చింది. చింతలో ఉండేది టార్టారిక్ ఆమ్లం, ద్రాక్షలో ఉండేదే. ఆ పులుపుకి తోడు కిలో కాయకి పావుకిలో దాకా ఉప్పు. ఆ రెండూ కలిసినచోట చెడగొట్టే జీవులు నిలవలేవు. అందుకే ఏ నూనే లేకుండా, ఏ పోపూ లేకుండా, పచ్చి తొక్కు జాడీలో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆ ఆమ్లమే ఇత్తడి చెంబుని తళతళలాడిస్తుంది. ఆ ఆమ్లం వల్లే తొక్కుని రాగి, ఇత్తడి, అల్యూమినియం గిన్నెల్లో ఉంచకూడదు. పింగాణీ జాడీ గానీ, గాజుసీసా గానీ కావాలి.

సముద్రం మీద పుల్లకూర మందైనట్టు, మా నేల మీద చింతపులుపుకీ ఒక కథ ఉంది. నల్లగొండ అనగానే ఫ్లోరైడు నీళ్ళు గుర్తొస్తాయి. పళ్ళు గారపట్టి, ఎముకలు వంగి, నడివయసుకే ముసలితనం వచ్చిన పల్లెలు మావి. పటిక, సున్నం కలిపి నీళ్ళలోని ఫ్లోరైడుని కిందికి దింపే పద్ధతికి దేశమంతటా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. మా జిల్లా పేరు అలా శాస్త్రగ్రంథాలకెక్కింది! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2002లో ఒక పరిశోధన ప్రకటించారు. కొందరు బడిపిల్లలకి రోజుకి 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు పెట్టి చూస్తే, మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడు పెరిగిందని తేలింది. చింతపండు తింటే వంగిన ఎముక తిన్నగా అవుతుందని ఎవరూ అనలేదు. అసలు మందు మంచినీళ్ళే, కుళాయిలో వచ్చే నది నీళ్ళే. అయినా, నోటి చవి కోసం తిన్న పులుపు ఒంటికి అంతో ఇంతో సాయం చేసిందంటే ఆ చెట్టు మీద గౌరవం కలగదూ!

ఇక నా అబద్ధం దగ్గరికి వస్తాను. "ఇంటి తొక్కు" అని గొప్పగా చెప్పుకుంటాం గదా, అందులో అసలు ఇంటిదెంత?

చెట్టు సంగతి చూడండి. చింత మన పెరటి చెట్టు, మన ఊరి రచ్చబండ చెట్టు. కానీ వృక్షశాస్త్రజ్ఞుల లెక్కన దాని పుట్టిల్లు ఆఫ్రికా. మన దేశానికి ఎంత పూర్వం వచ్చిందంటే, అరబ్బులు దాన్ని ఇక్కడిదే అనుకుని 'తమర్ హిందీ', అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషు పేరు దాన్నుంచే పుట్టింది. తొక్కులోకి నూరే మిరపకాయ ఇంకా కొత్తది. అమెరికా ఖండం నుంచి, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో, 16వ శతాబ్దంలో వచ్చింది. కాకతీయుల కాలపు వంటింట్లో కారం అంటే మిరియాలే.

మిగిలింది ఉప్పు. నల్లగొండకి గానీ పాలమూరుకి గానీ సముద్రం లేదు. మరి ఉప్పు ఎలా వచ్చేది? ఎద్దుల వీపు మీద. తీరంలోని ఉప్పుమళ్ళ దగ్గర మొదలై, గోతాలు మోస్తూ లంబాడీల ఎద్దుల మందలు వారాల తరబడి నడిచి మెట్టభూములకి చేరేవి. ఉప్పు దించి, ధాన్యం ఎత్తుకుని తిరిగిపోయేవి. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఇలాంటి బిడారుల గురించి రాశాడు. ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులు ఉండేవట. అలాంటి మంద ఎదురైతే దారి ఇచ్చి, రెండు మూడు రోజులు ఆగిపోవాల్సిందే. లవణం అన్న మాట నుంచే లంబాడీ అన్న పేరు వచ్చిందని చెప్పే పండితులూ ఉన్నారు. ఆ ఎద్దుల వెంట ఆడవాళ్ళు కూడా నడిచారు, చంకన బిడ్డలతో, నెత్తిన మూటలతో.

తర్వాత తీరం ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు కంపెనీ గుత్తాధికారం అయింది. ఉప్పు మీద పన్ను పడింది. నిజాం రాజ్యానికి సముద్రం లేదు కనుక ఆ బరువు ఇక్కడి జాడీల మీదా పడింది. 1889లో సికింద్రాబాదు నుంచి బెజవాడకి రైలు మార్గం పూర్తయింది. ఎద్దులు మోసే ఉప్పు రైలు పెట్టెలకెక్కింది. తరతరాలుగా నడిచిన లంబాడీలు తండాలు కట్టుకుని నిలిచిపోయారు. దేవరకొండ వైపు వెళ్తే ఆ తండాలు అడుగడుగునా కనిపిస్తాయి. 1930లో గాంధీగారు దండిలో పిడికెడు ఉప్పు ఎత్తితే దేశమంతా ఎందుకు కదిలిందంటే, ఉప్పు కొనకుండా గడిచే ఇల్లు దేశంలో లేదు కనుక. ఆ పన్ను 1947లో గానీ పోలేదు.

చూశారా! చెట్టు ఆఫ్రికాది, కారం అమెరికాది, ఉప్పు సముద్రానిది, జాడీ కొట్టుది. మరి మనదేమిటి? "దంచడం" అంటాం. ఆ మాట గట్టిగానే అనుకున్నాను నేను, చిన్నమ్మమ్మ దగ్గర కూచుని నిజం ఒప్పుకునేదాకా.

"అమ్మమ్మా, ఆ తొక్కు నేను దంచింది కాదు. కొన్న" అన్నాను.

ఆవిడ నవ్వింది. "నాకెర్కే బిడ్డా. నీ చేతులు పట్టి సూడంగనే తెల్సింది. తొక్కు దంచిన చేతులు గట్లుండయి."

పచ్చి చింతకాయ, రాళ్ళుప్పు కలిపి దంచి, మూడో రోజు మళ్ళీ తీసి గింజా, పీచూ ఏరుతూ పిసికితే చేతులు రెండు రోజులు మండుతాయి. గోళ్ళ సందుల్లో చర్మం లేస్తుంది. నా చేతులకి ఆ గుర్తు లేదు. పట్టుబడ్డాను.

"నువ్వు దంచేదానివా అమ్మమ్మా, నీ చిన్నప్పుడు?"

"మేమెక్కడ దంచినం! మా తల్లిగారింట్ల వెట్టికొచ్చే ఆడోళ్ళే దంచిరి. అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏండ్లు. ఒకామె చంటిపిల్లను చెట్టు కింద పండవెట్టి దంచేది. చేతులు మంటపుడుతున్నయని నీళ్ళల్ల ముంచుకునేది. పిల్ల ఏడిస్తె ఎత్తుకోరాకపోయె, చేతికంత ఉప్పే గద. దంచినంక జాడీల మా అమ్మ ఎత్తేది. అప్పటిసంది ఆమెను జాడీ ముట్టనియ్యకపోయిరి. ఊరందరికి మాత్రం మా అమ్మ తొక్కు అనే పేరు."

నాకు నోట మాట రాలేదు. మా ఇంట్లో "అమ్మమ్మ వాళ్ళమ్మ తొక్కు" అంటే ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటాం. ఆ కథల్లో చెట్టు కింద పిల్ల ఎన్నడూ లేదు.

ఇది ఒక్క మా ఇంటి సంగతా? దంచడం, విసరడం, నీళ్ళు మోయడం, అన్నీ వెట్టిలో ఉండేవి. కూలి లేదు, కాదనే హక్కు లేదు. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకి ఒరిగిపోయాక రేగిన నిప్పు వట్టి భూమి కోసమే కాదు, ఈ వెట్టి మీద కూడా. పాలకుర్తిలో చాకలి అయిలమ్మ తాను పండించిన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలిచింది. ఆ పోరాటం గురించి తుపాకులూ, దళాలూ, కామ్రేడ్లూ అని చదువుకున్నాం. రోలు, రోకలి కూడా ఆ చరిత్రలో ఉన్నాయని నాకు తొక్కు అన్నం ముందు తెలిసింది.

వెట్టి లేని ఇళ్ళలో దంచింది ఇంటి ఆడవాళ్ళే. వాళ్ళ చేతులకీ ఎవరూ కూలి కట్టలేదు. బయట చేరిన రోజుల్లో జాడీ ముట్టుకోకూడదు. మొగుడు పోయినామె ముట్టుకోకూడదన్న ఇళ్ళూ ఉన్నాయి. ఒక్క తొక్కు జాడీ చుట్టూ ఎన్ని గీతలో!

ఇప్పుడు మళ్ళీ ఈ ఏటి అంగడికి వద్దాం. పండగ ముందు నల్లగొండలో నేను తొక్కు కొన్నది మహిళా సంఘంవాళ్ళ దగ్గర. 1982లో ద్వాక్రా పథకం మొదలైంది. 1990ల్లో పొదుపు సంఘాలు ఊరూరా లేచాయి. రూపాయి రూపాయి దాచి, బ్యాంకులో అప్పు తెచ్చి, పచ్చళ్ళు, పొడులు చేసి అమ్మడం ఆడవాళ్ళకి ఒక దారైంది. ఆ అంగట్లో స్టీలు బేసిన్లో పసుపుపచ్చగా గుట్ట పోసిన తొక్కు వెనక ఒకామె కూచుంది. కిలో ధర చెప్పింది. నేను అలవాటుగా పది రూపాయలు తగ్గించమన్నాను. ఆమె మాట్లాడకుండా రెండు అరచేతులు చూపించింది. అప్పుడు నాకా చేతుల భాష తెలీలేదు. బేరమాడటానికి ఆమె పడుతున్న పాట్లు అనుకున్నాను. పది రూపాయలు తగ్గించుకునే తెచ్చాను. చిన్నమ్మమ్మ మాట విన్నాక ఆ అరచేతులే కళ్ళముందు మెదులుతున్నాయి.

కొరియా దేశంలో చలికాలం ముందు ఊరి ఆడవాళ్ళంతా ఒకచోట చేరి క్యాబేజీకి ఉప్పూ కారం పట్టించి కిమ్చి పెడతారు. ఆ కలిసి చేసే పనికి 'కిమ్‌జాంగ్' అని పేరు. 2013లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వాల్లో చేర్చింది. ఇప్పుడు కొట్లో కొనుక్కునే కొరియా ఇళ్ళూ బోలెడు. వాళ్ళకి వారసత్వం, కొట్టు సీసా రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. మన తొక్కుకి ఏ సంస్థా పట్టం కట్టకపోయినా, పాలమూరు కూలీలు దేశంలో ఏ ఆనకట్ట కట్టడానికి వెళ్ళినా జొన్నరొట్టె మీద తొక్కు పెట్టుకుని తిన్నారు. ఓడలో కుక్ మనుషులకి పుల్లకూర ఎలాంటిదో, గుంపుమేస్త్రీ వెంట వెళ్ళిన మా జిల్లా మనుషులకి తొక్కు అలాంటిది.

కొన్న తొక్కుని ఇంట్లో ఎలా వాడుకోవాలని అడిగే చెల్లెళ్ళకి నాకు తెలిసింది చెబుతాను. పచ్చి తొక్కు తెచ్చిన రోజే పళ్ళెంలో పరిచి, మిగిలిన గింజా పీచూ ఏరేయండి. తడిలేని సీసాలోకి ఎత్తి పెట్టండి. తడి గరిటె తగిలితే బూజు ఖాయం. కావలసినప్పుడు నిమ్మకాయంత తీసుకుని ముందు నాలుక మీద వేసి చూడండి. ఒక్కొక్కరి ఉప్పు ఒక్కోలా ఉంటుంది గనుక మళ్ళీ ఉప్పు వెయ్యొద్దు. ఆరేడు ఎండుమిరపకాయలు, కాసిని మెంతులు, జీలకర్ర నూనెలో వేయించి, వెల్లుల్లితో కలిపి నూరి, అందులో తొక్కు వేసి ఇంకోసారి నూరండి. నువ్వులు వేయించి కలిపితే ఉప్పు తగ్గుతుంది, రుచి పెరుగుతుంది. పైన ఆవాలు, ఇంగువ, కరివేపాకు పోపు. ఉత్త తొక్కుని చింతపండు బదులు పప్పులోనూ వేసుకోవచ్చు. రక్తపోటు ఉన్నవాళ్ళు మాత్రం ముద్దకింత అని కాక, వేలికింత అని వేసుకోవాలి.

పోపు చిటపటలాడినప్పుడు వచ్చే వాసన మాత్రం ఏ ఇంటిది ఆ ఇంటిదే. మా అత్తగారింట్లో మెంతులు ఎక్కువ, మా అమ్మ దగ్గర వెల్లుల్లి ఎక్కువ. అది కొట్టులో దొరకదు. సీసా ఎక్కణ్ణుంచి వచ్చినా, ఆఖరి చెయ్యి మనదే. అంతకు ముందు పడ్డ చేతుల్ని దాచి పెట్టి మొత్తం నా చేతి మహిమే అనుకోవడంలోనే ఉంది తప్పంతా.

చిన్నమ్మమ్మ ఊరికి వెళ్తూ చిన్న సీసాలో తొక్కు కట్టివ్వమంది. "ఎవలు దంచిన్రని అడుగుతరు ఇంటికాడ. ఏమని చెప్పాలె?" అంది, నన్ను ఏడిపించడానికే.

"సంఘంల ఉన్న ఒక అక్క దంచిందని చెప్పు. పోపు మాత్రం నాదని చెప్పు" అన్నాను.

"ఆమె పేరేంది?"

నాకు తెలీదు. పది రూపాయలు తగ్గించమని అడిగాను గానీ పేరడగలేదు. వచ్చే పండక్కి ఆ అంగడికి మళ్ళీ వెళ్ళాలి. అడిగినంతా ఇచ్చి, ముందు పేరడగాలి.